ఉపఫారములలోని కంట్రోళ్ళకు సూచనలు

ఉపఫారములోని కంట్రోలుకు సూచన అనగా డెస్క్‌టాప్ డేటాబేసు అప్లికేషనులో ఒక ఫారము లోపల ఇమిడి ఉన్న మరొక ఫారములోని గడిని, బయటి నుండి పేరు పెట్టి పిలిచే పద్ధతి. ఫారముపై ఉండే గడులను, బొత్తాములను, జాబితా పెట్టెలను కలిపి కంట్రోళ్ళు అంటారు. ఒక ఫారములో ఇమిడి ఉన్న ఫారమును ఉపఫారము అనీ, దానిని మోసే ఫారమును ముఖ్య ఫారము అనీ అంటారు. ఉపఫారములో ఇంకొక ఉపఫారము కూడా ఉండవచ్చును. ఈ విధానం మైక్రోసాఫ్ట్ అక్సెస్ వాడుకరులకు ఎక్కువగా పరిచయం. ఈ వ్యాసంలోని వివరణ ప్రధానంగా ఆ సాఫ్టువేరుకు సంబంధించినది.

ఉపఫారములోని గడిని సరిగా పిలవడానికి రెండు విషయాలు తెలిసి ఉండాలి. మొదటిది ఆ గడికి దారి, అనగా ఏ ఫారములోని ఏ చట్రంలో ఆ గడి ఉన్నది. రెండవది, ఆ గడి ఆ క్షణంలో ఏ వరుసకు చెందిన విలువను చూపుతున్నది. దారి తప్పితే సాఫ్టువేరు వెంటనే దోషసందేశం చూపుతుంది. వరుస తప్పితే ఏ సందేశమూ రాదు. తప్పు అంకె సరైన అంకె వలెనే తెరపై కనిపిస్తుంది. అందువలన రెండవ రకం పొరపాటు మొదటిదాని కంటే ప్రమాదకరమైనది.

నేపథ్యం

సంబంధిత డేటాబేసులో సమాచారాన్ని ఒకే పెద్ద పట్టికలో కాక, ఒకదానితో ఒకటి ముడిపడిన చిన్న పట్టికలలో భద్రపరుస్తారు. ఒక గ్రామంలో అనేక కుటుంబాలు ఉంటాయి. ఒక కుటుంబానికి అనేక వివరాలు ఉంటాయి. దీనిని ఒకటి-అనేకం సంబంధం అంటారు. పట్టికలు విడివిడిగా ఉన్నప్పటికీ, సమాచారాన్ని నమోదు చేసే వ్యక్తికి అవి ఒకే తెరపై కలిసి కనిపించాలి. ఈ అవసరం తీర్చడానికి ఏర్పడినదే ఉపఫారము.

మైక్రోసాఫ్ట్ అక్సెస్ మొదటి కూర్పు 1992 నవంబరులో విడుదలయినది. తరువాత 1994లో 2.0 కూర్పు, ఆపై 95, 97, 2000, 2002, 2003 కూర్పులు వచ్చాయి. 2007 కూర్పుతో ఫైలు రూపం, తెరపై మెనూల అమరిక మారిపోయాయి. ఇన్ని మార్పులు జరిగినా ఉపఫారములోని కంట్రోలును పిలిచే వాక్యనిర్మాణం మాత్రం మారలేదు. పాత పుస్తకంలో నేర్చుకున్న సూత్రం కొత్త కూర్పులలో కూడా పనిచేస్తుంది.

ఉదాహరణ: వరద నష్టాల నమోదు

కర్నూలు జిల్లాలోని మంత్రాలయం తుంగభద్రా నది తీరాన గల మండల కేంద్రం, రాఘవేంద్రస్వామి మఠం గల పుణ్యక్షేత్రం. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా నదులకు వచ్చిన భారీ వరదలలో మంత్రాలయం, కర్నూలు నగరం నీట మునిగాయి. అటువంటి విపత్తు తరువాత గ్రామాల వారీగా, కుటుంబాల వారీగా నష్టాలను నమోదు చేయవలసి వస్తుంది. ఈ పని మూడు అంచెల ఫారములకు సహజమైన ఉదాహరణ. ఈ వ్యాసంలోని డేటాబేసు, అందులోని అంకెలు వివరణ కోసం కల్పించినవి మాత్రమే.

ఇందులో మూడు పట్టికలు ఉన్నాయనుకొందాం.

1. గ్రామాలు: గ్రామసంఖ్య, గ్రామంపేరు, మండలంపేరు
2. కుటుంబాలు: కుటుంబసంఖ్య, గ్రామసంఖ్య, కుటుంబపెద్ద
3. నష్టాలు: నష్టసంఖ్య, కుటుంబసంఖ్య, నష్టరకం, విలువ

వీటికి తగినట్లుగా మూడు ఫారములు ఉంటాయి. గ్రామఫారము అన్నిటికంటె బయటిది. దాని లోపల కుటుంబఫారము, కుటుంబఫారము లోపల నష్టఫారము ఇమిడి ఉంటాయి. నమోదు చేసే వ్యక్తి మొదట మంత్రాలయం గ్రామాన్ని ఎంచుకుంటే ఆ గ్రామ కుటుంబాలు మాత్రమే కనిపిస్తాయి. ఒక కుటుంబాన్ని ఎంచుకుంటే దాని నష్టాలు, అనగా కూలిన గోడ, తడిసిన ధాన్యం, కొట్టుకుపోయిన మేకలు వంటివి మాత్రమే కనిపిస్తాయి.

చట్రం వేరు, ఫారము వేరు

ఈ విషయంలో కొత్తవారికి కలిగే చిక్కులలో ఎక్కువ భాగం ఒక్క భేదాన్ని గమనించకపోవడం వలన వస్తుంది. ఉపఫారము ముఖ్య ఫారముపై నేరుగా కూర్చొనదు. ముఖ్య ఫారముపై ముందుగా ఒక చట్రం ఉంటుంది. ఆ చట్రంలో ఉపఫారము అమరి ఉంటుంది. గోడకు తగిలించిన పటానికి చెక్క చట్రం, లోపలి బొమ్మ వేరువేరు అయినట్లే ఇవి కూడా వేరు. చట్రం కూడా ఒక కంట్రోలే. దానిని ఉపఫారము కంట్రోలు అంటారు. దానికి సొంత పేరు ఉంటుంది. లోపల ఏ ఫారమును చూపాలో తెలిపే ప్రాపర్టీ పేరు సోర్స్ ఆబ్జెక్ట్.

విజార్డు సహాయంతో ఉపఫారమును చేర్చినప్పుడు చట్రానికి, లోపలి ఫారముకు తరచుగా ఒకే పేరు వస్తుంది. అప్పుడు భేదం కనబడదు. తరువాత ఎవరైనా లోపలి ఫారము పేరును మార్చినా, చట్రంలో వేరొక ఫారమును అమర్చినా రెండు పేర్లు వేరవుతాయి. సూచనలో రాయవలసినది ఎల్లప్పుడూ చట్రం పేరే. లోపలి ఫారమును భద్రపరచిన పేరు సూచనలో ఎక్కడా రాదు.

ఈ భేదం స్పష్టంగా ఉండడానికి ఈ ఉదాహరణలో చట్రాలకు వేరే పేర్లు పెట్టడమైనది. కుటుంబఫారమును మోసే చట్రం పేరు కుటుంబచట్రం. నష్టఫారమును మోసే చట్రం పేరు నష్టచట్రం.

సూచన నిర్మాణం

అక్సెస్‌లో ఆ సమయానికి తెరిచి ఉన్న ఫారములన్నీ ఫారమ్స్ అనే సముదాయంలో ఉంటాయి. ముఖ్య ఫారములోని గడిని ఈ విధంగా పిలుస్తారు.

ఫారమ్స్![గ్రామఫారము]![గ్రామంపేరు]

ఉపఫారము ఎంత స్పష్టంగా తెరపై కనిపిస్తున్నా ఫారమ్స్ సముదాయంలో దానికి చోటు లేదు. అది చట్రం ద్వారా మాత్రమే అందుతుంది. కావున మొదట ముఖ్య ఫారమును, తరువాత చట్రాన్ని పిలిచి, ఆ చట్రం లోపలి ఫారమును ఇమ్మని ఫారమ్ అనే ప్రాపర్టీ ద్వారా అడగాలి.

ఫారమ్స్![గ్రామఫారము]![కుటుంబచట్రం].[ఫారమ్]![కుటుంబపెద్ద]

మూడవ అంచెలోని గడికి ఇదే పద్ధతిని మరొకసారి పొడిగిస్తే చాలును.

ఫారమ్స్![గ్రామఫారము]![కుటుంబచట్రం].[ఫారమ్]![నష్టచట్రం].[ఫారమ్]![విలువ]

పై సూత్రాలలో ఫారమ్స్, ఫారమ్ అనేవి అక్సెస్ సొంత పదాలు. చదువుటకు వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇవ్వబడినవి; కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయవలెను. చివర 's' శబ్దం గల ఫారమ్స్ తెరిచి ఉన్న ఫారముల సముదాయం, ఆ శబ్దం లేని ఫారమ్ చట్రం లోపలి ఫారము. ఈ రెండింటినీ తారుమారు చేయరాదు.

ఆశ్చర్యార్థకం తరువాత వాడుకరి పెట్టిన పేరు వస్తుంది. చుక్క తరువాత అక్సెస్‌కు చెందిన ప్రాపర్టీ గానీ ఆజ్ఞ గానీ వస్తుంది. పేరులో ఖాళీ ఉంటే చదరపు కుండలీకరణాలు తప్పనిసరి. కొన్ని సందర్భాలలో .[ఫారమ్] అనే భాగాన్ని రాయకపోయినా గడి విలువ దొరుకుతుంది. అయితే ఉపఫారము రికార్డ్‌సోర్స్, ఫిల్టర్ వంటి ప్రాపర్టీలు కావలసినప్పుడు అది లేనిదే పని జరగదు. కాబట్టి ప్రతిసారీ రాయడం మంచి అలవాటు.

ఈ దారిని ఉత్తరంపై రాసే చిరునామాతో పోల్చవచ్చును. మంత్రాలయం మండలంలో మాధవరం అనే ఊరు ఉంది. కడప జిల్లాలో కూడా మాధవరం అనే ఊరు ఉంది. ఊరి పేరు మాత్రమే రాస్తే ఉత్తరం చేరదు. జిల్లా, మండలం, గ్రామం వరుసగా రాయాలి. అదే విధంగా విలువ అనే గడి అనేక ఫారములలో ఉండవచ్చును కాబట్టి పూర్తి దారి అవసరం.

సాపేక్ష సూచనలు

అన్ని సందర్భాలలోనూ పూర్తి దారి రాయనవసరం లేదు. సూచన ఎక్కడ నుండి రాస్తున్నామో దానిని బట్టి చిన్న రూపాలు ఉన్నాయి.

* విజువల్ బేసిక్ కోడ్‌లో, ఆ కోడ్ ఉన్న ఫారమునే మి అనే పదం సూచిస్తుంది. గ్రామఫారము కోడ్ నుండి కుటుంబపెద్దను పిలవాలంటే మి![కుటుంబచట్రం].ఫారమ్![కుటుంబపెద్ద] అని రాస్తారు.
* గడి కంట్రోల్ సోర్స్‌లో రాసే సూత్రాలలో మి పనిచేయదు. అక్కడ చట్రం పేరుతోనే మొదలుపెట్టి =[కుటుంబచట్రం].[ఫారమ్]![కుటుంబపెద్ద] అని రాయాలి.
* లోపలి నుండి బయటికి వెళ్ళడానికి పేరెంట్ అనే ప్రాపర్టీ ఉంది. కుటుంబఫారము నుండి గ్రామంపేరు కావాలంటే [పేరెంట్]![గ్రామంపేరు] సరిపోతుంది.
* నష్టఫారము నుండి రెండు అంచెలు పైకి వెళ్ళాలంటే [పేరెంట్].[పేరెంట్]![గ్రామంపేరు] అని రాస్తారు.
* క్వెరీలో నియమంగా వాడేటప్పుడు పూర్తి దారి తప్పనిసరి. ఆ సమయంలో ముఖ్య ఫారము తెరిచి లేకపోతే అక్సెస్ ఆ విలువను వాడుకరినే అడుగుతూ ఒక చిన్న పెట్టెను చూపుతుంది.

సాపేక్ష సూచనకు ఒక లాభం ఉంది. ముఖ్య ఫారము పేరు మారినా అది చెడిపోదు. ఒకే ఉపఫారమును రెండు వేర్వేరు ముఖ్య ఫారములలో వాడుకోవడం కూడా సాధ్యమవుతుంది. అయితే పేరెంట్ గల ఫారమును ఒంటరిగా తెరిస్తే దానికి పైన ఏ ఫారమూ ఉండదు గనుక 2452 సంఖ్య గల దోషం వస్తుంది.

ముడి వేసే ఫీల్డులు

ముఖ్య ఫారములో గ్రామం మారగానే కుటుంబాల జాబితా దానంతట అదే మారడానికి కారణం చట్రానికి గల రెండు ప్రాపర్టీలు. వాటిలో లింక్ మాస్టర్ ఫీల్డ్స్ పై ఫారములోని ఫీల్డును, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ లోపలి ఫారములోని ఫీల్డును తెలుపుతాయి. కుటుంబచట్రానికి ఈ రెండు చోట్ల గ్రామసంఖ్య, నష్టచట్రానికి కుటుంబసంఖ్య ఉంటాయి. కొత్త కుటుంబాన్ని చేర్చినప్పుడు గ్రామసంఖ్యను అక్సెస్ స్వయంగా నింపుతుంది.

ఇలా సంఖ్యతో ముడి వేయడం వలన ఊరు, మండలం వంటి వివరాలు ఒకేచోట ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడినది. మంత్రాలయం కర్నూలు జిల్లాలోనే ఉండగా, ఆళ్ళగడ్డ వంటి మండలాలు నంద్యాల జిల్లాలో చేరాయి. జిల్లా పేరును ప్రతి కుటుంబం వరుసలో రాసి ఉంచిన డేటాబేసులో ఇటువంటి మార్పుకు వేల వరుసలను దిద్దాలి. పై పట్టికలో మండలానికి ఒక్కచోట రాసి ఉంచితే ఆ ఒక్కచోట దిద్దితే చాలును.

ప్రస్తుత వరుస, మొత్తాలు

సూచన ఎంత సరిగా రాసినా అది పట్టిక అంతటినీ చూడదు. ఉపఫారములో కర్సరు ఏ వరుసపై ఉందో ఆ వరుసలోని విలువను మాత్రమే తెస్తుంది. పది వరుసలు తెరపై కనిపిస్తున్నా సూచనకు అందేది ఒక్క వరుస. ఈ వ్యాసం మొదట చెప్పిన రెండవ రకం పొరపాటు ఇక్కడనే జరుగుతుంది.

ఒక గ్రామంలో మూడు కుటుంబాలు ఉన్నాయనుకొందాం. మొదటి కుటుంబం నష్టం 12,000 రూపాయలు, రెండవ కుటుంబం నష్టం 7,500 రూపాయలు, మూడవ కుటుంబం నష్టం 20,500 రూపాయలు. గ్రామం మొత్తం 40,000 రూపాయలు. రెండవ కుటుంబం వివరాలు మూడు వరుసలు: గోడ 4,000, ధాన్యం 2,500, మేకలు 1,000. నమోదు చేసే వ్యక్తి రెండవ కుటుంబాన్ని తెరిచి, ధాన్యం వరుసపై ఉన్నాడు. అప్పుడు వేర్వేరు సూత్రాలు వేర్వేరు అంకెలను ఇస్తాయి.

1. నష్టఫారములోని విలువ గడికి నేరుగా సూచన ఇస్తే 2,500 వస్తుంది. ఇది ధాన్యం వరుస మాత్రమే.
2. నష్టఫారము పాదభాగంలో కుటుంబమొత్తం అనే గడిని చేర్చి, అందులో =సమ్([విలువ]) అని రాసి, ఆ గడికి గ్రామఫారము నుండి సూచన ఇస్తే 7,500 వస్తుంది. ఇది ఆ ఒక్క కుటుంబం మొత్తం.
3. గ్రామం మొత్తం అయిన 40,000 పై రెండు పద్ధతులలో దేనితోనూ రాదు.

మూడు అంకెలూ అంకెలే. ఏ సందర్భంలోనూ దోషసందేశం రాదు. గ్రామఫారముపై "మొత్తం నష్టం" అనే శీర్షిక కింద 7,500 కనిపిస్తే చూసినవారు దానిని గ్రామం మొత్తంగానే భావిస్తారు. ఆ కాగితం అచ్చయి పై కార్యాలయానికి వెళితే మిగిలిన రెండు కుటుంబాల నష్టం లెక్కలోకి రాకుండా పోతుంది.

గ్రామం మొత్తం కావాలంటే తెరను కాక పట్టికను అడగాలి. ఇందుకు కుటుంబాలు, నష్టాలు అనే పట్టికలను కలిపి నష్టాలక్వెరీ అనే క్వెరీని తయారుచేసి, గ్రామఫారముపై ఒక గడిలో ఈ సూత్రాన్ని రాయవచ్చును.

=ఎన్‌జెడ్(డిసమ్("[విలువ]", "[నష్టాలక్వెరీ]", "[గ్రామసంఖ్య]=" & ఎన్‌జెడ్([గ్రామసంఖ్య], 0)), 0)

ఇందులో డిసమ్ నియమానికి సరిపోయే వరుసలన్నిటినీ కూడుతుంది. ఎన్‌జెడ్ ఖాళీ విలువకు బదులు సున్నను ఇస్తుంది. లోపలి ఎన్‌జెడ్ లేకపోతే, కొత్త గ్రామాన్ని చేర్చబోయే ఖాళీ వరుసలో నియమం అసంపూర్తిగా మిగిలి దోషం వస్తుంది. డిసమ్ పట్టికలో భద్రపరచిన వరుసలను మాత్రమే చూస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. ఇంకా భద్రం కాని వరుస మొత్తంలో చేరదు. అందువలన నష్టం వరుస భద్రమైన తరువాత ముఖ్య ఫారములోని గడిని మరల లెక్కింపజేయాలి.

ముఖ్య ఫారముపై ఉన్న గడిలో సమ్ రాసి దానికి ఉపఫారములోని కంట్రోలు పేరు ఇవ్వడం మరొక సాధారణ పొరపాటు. సమ్ తన ఫారముకు ఆధారమైన ఫీల్డులను మాత్రమే కూడగలదు, కంట్రోళ్ళను కూడలేదు. అందుకే మొత్తాన్ని ఉపఫారము పాదభాగంలో లెక్కించి, ఫలితానికి మాత్రమే బయటి నుండి సూచన ఇస్తారు. ఉపఫారము డేటాషీట్ రూపంలో ఉంటే పాదభాగం తెరపై కనిపించదు గానీ అందులోని లెక్క జరుగుతూనే ఉంటుంది.

పక్కపక్కన గల ఉపఫారములు

లోపల ఉపఫారము గల ఫారమును వరుసల జాబితాగా చూపే కంటిన్యువస్ ఫారముగా అమర్చడానికి అక్సెస్ అంగీకరించదు. కావున మూడు అంచెల అమరికలో మధ్యనున్న కుటుంబఫారము ఒక్కొక్క కుటుంబాన్నే చూపుతుంది, లేదా డేటాషీట్ రూపంలో ఉంటుంది. కుటుంబాలన్నీ జాబితాగా కనిపిస్తూ, ఎంచుకున్న కుటుంబం నష్టాలు పక్కన కనిపించాలంటే రెండు ఉపఫారములనూ ముఖ్య ఫారముపైనే పక్కపక్కన ఉంచుతారు.

ఈ అమరికలో ముఖ్య ఫారముపై ఎంచినకుటుంబం అనే ఒక దాగిన గడి ఉంటుంది. దాని కంట్రోల్ సోర్స్ =[కుటుంబచట్రం].[ఫారమ్]![కుటుంబసంఖ్య]. నష్టచట్రం లింక్ మాస్టర్ ఫీల్డ్స్‌లో ఎంచినకుటుంబం అనీ, లింక్ చైల్డ్ ఫీల్డ్స్‌లో కుటుంబసంఖ్య అనీ రాస్తారు. జాబితాలో కర్సరు కదిలినప్పుడల్లా దాగిన గడి మారుతుంది. దానితో నష్టాలు కూడా మారతాయి. సూచన ప్రస్తుత వరుసను మాత్రమే చూస్తుందనే గుణం మొత్తాల విషయంలో లోపం అయినప్పటికీ ఇక్కడ ఉపయోగకరం కావడం గమనించదగినది.

సాధారణ దోషాలు

* గడిలో #నేమ్? అని కనిపిస్తే సూత్రంలోని ఏదో ఒక పేరు తప్పు. చాలాసార్లు చట్రం పేరుకు బదులు ఫారము పేరు రాయడం దీనికి కారణం. చట్రం అంచుపై ఒకసారి నొక్కి ప్రాపర్టీ జాబితాలో పేరు చూడాలి. లోపల నొక్కితే లోపలి ఫారము వివరాలు వస్తాయి.
* 2450 దోషం: పిలిచిన ఫారము తెరిచి లేదు, లేదా ఉపఫారమును ఫారమ్స్ సముదాయంలో నేరుగా వెతికారు.
* 2465 దోషం: దారిలో చెప్పిన ఫీల్డు లేదా కంట్రోలు దొరకలేదు.
* 2455 దోషం: చట్రం నుండి అడిగిన ప్రాపర్టీ చెల్లదు. ఉదాహరణకు చట్రంలో ఏ ఫారమూ అమర్చి లేనప్పుడు ఇది రావచ్చును.
* గడిలో #ఎర్రర్ కనిపిస్తే, ఉపఫారములో ఒక్క వరుస కూడా లేక, కొత్త వరుస చేర్చడానికి అనుమతి కూడా లేకపోవడం కారణం కావచ్చును. గడి పేరు, దాని సూత్రంలో వాడిన ఫీల్డు పేరు ఒకటే అయినప్పుడు కూడా ఇదే వస్తుంది.
* ఉపఫారములోని గడికి కర్సరును పంపాలంటే సెట్‌ఫోకస్ ఆజ్ఞను రెండుసార్లు ఇవ్వాలి. మొదట చట్రానికి, తరువాత లోపలి గడికి. మొదటిది మరచితే కర్సరు కదలదు.
* ట్యాబ్ పుటలపై ఉంచిన చట్రానికి దారిలో ట్యాబ్ పేరు రాయరాదు. ట్యాబ్ కేవలం కంటికి కనిపించే అమరిక. చట్రం ముఖ్య ఫారముకే చెందుతుంది.

ఫారము తెరిచేటప్పుడు లోపలి ఫారములు ముందుగా, ముఖ్య ఫారము తరువాత సిద్ధమవుతాయి. ఉపఫారము లోడ్ అయ్యే ఘటనలో ముఖ్య ఫారము విలువలపై ఆధారపడే కోడ్ రాస్తే ఆ విలువలు ఇంకా సిద్ధంగా లేకపోవచ్చును. అటువంటి పనిని ముఖ్య ఫారము లోడ్ ఘటనలో ఉంచడం మేలు.

తెలుగు పేర్లు వాడుట

అక్సెస్ 2000 కూర్పు నుండి సమాచారం యూనికోడ్ రూపంలో భద్రమవుతున్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతితో పాటు తెలుగుకు మద్దతు చేరినది. దీనివలన పట్టికలలోని సమాచారాన్నే కాక, పట్టికల, ఫీల్డుల, కంట్రోళ్ళ పేర్లను కూడా తెలుగులో రాయడం సాధ్యమయినది. క్వెరీలలో, గడుల సూత్రాలలో ఈ పేర్లు పనిచేస్తాయి.

విజువల్ బేసిక్ ఎడిటరులో మాత్రం పరిస్థితి వేరు. అది యూనికోడ్‌ను కాక పాత కోడ్ పేజీల పద్ధతిని అనుసరిస్తుంది. విండోస్‌లో తెలుగుకు అటువంటి కోడ్ పేజీ లేదు. అందువలన ఎడిటరులో తెలుగు పేరును అతికిస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి, సూచన పనిచేయదు. కోడ్ రాయవలసిన డేటాబేసులో కంట్రోళ్ళ పేర్లను ఆంగ్ల అక్షరాలతో పెట్టి, వాడుకరికి కనిపించే శీర్షికలను మాత్రం తెలుగులో ఉంచడం అనుకూలమైన పద్ధతి. ఈ వ్యాసంలోని పేర్లు పాఠకుల సౌలభ్యం కోసం తెలుగులో ఉన్నాయి.

అక్సెస్‌లో పేరు నిడివి 64 అక్షరాలకు మించరాదు. తెలుగులో గుణింతపు గుర్తులు, విరామం, సున్న కూడా విడి అక్షరాలుగా లెక్కకు వస్తాయి. ఉదాహరణకు మంత్రాలయం అనే పేరు కంటికి నాలుగు అక్షరాలే అయినా కంప్యూటరు లెక్కలో తొమ్మిది. కాబట్టి తెలుగు పేర్లను పొట్టిగా ఉంచడం మంచిది.

ఇతర సాఫ్టువేర్లలో

2005 అక్టోబరులో విడుదలయిన ఓపెన్ఆఫీస్ 2.0 కూర్పుతో బేస్ అనే స్వేచ్ఛా డేటాబేసు సాఫ్టువేరు వచ్చినది. 2010లో దాని నుండి చీలిన లిబ్రేఆఫీస్‌లో కూడా బేస్ ఉంది. ఇందులో ఉపఫారముకు కంటికి కనిపించే చట్రం ఉండదు. ఒకే పుటపై గడులన్నీ ఉంటాయి. ఏ గడి ఏ ఫారముకు చెందుతుందో ఫారము నావిగేటరులోని చెట్టు వంటి పటంలో తెలుస్తుంది. కోడ్‌లో ముందుగా పుటలోని ఫారముల సముదాయాన్ని తీసుకొని, గెట్‌బైనేమ్ అనే ఆజ్ఞతో ముఖ్య ఫారమును, దాని నుండి ఉపఫారమును, దాని నుండి గడిని వరుసగా అందుకుంటారు. వాక్యనిర్మాణం వేరయినా బయటి నుండి లోపలికి అంచెలంచెలుగా వెళ్ళే సూత్రం ఒక్కటే.

అక్సెస్ నివేదికలలో కూడా ఇదే పద్ధతి ఉంది. అక్కడ ఫారమ్స్ స్థానంలో రిపోర్ట్స్, ఫారమ్ స్థానంలో రిపోర్ట్ అని రాస్తారు. ఉపనివేదికలో వరుసలు లేనప్పుడు దోషం రాకుండా ముందుగా హాజ్‌డేటా ప్రాపర్టీని పరీక్షిస్తారు.

పరిమితులు

అక్సెస్‌లో ఫారములను ఏడు అంచెల వరకు ఒకదానిలో ఒకటి ఇమడ్చవచ్చును. ఆచరణలో మూడు అంచెలు దాటితే తెరపై చోటు చాలదు, ఫారము తెరుచుకోవడం నెమ్మదిస్తుంది, సూచనలు పొడవై చదవడం కష్టమవుతుంది. అక్సెస్ ఫైలు పరిమాణం 2 గిగాబైట్లకు మించరాదు. ముఖ్య ఫారము నుండి ఉపఫారములోకి కర్సరు వెళ్ళగానే ముఖ్య ఫారములోని వరుస దానంతట అదే భద్రమవుతుంది. అందువలన రెండింటిలోని మార్పులను కలిపి ఒకేసారి రద్దు చేయడం సాధారణ పద్ధతిలో వీలుకాదు.

ఫారమును పనిలో పెట్టే ముందు, జవాబు ముందే తెలిసిన రెండు మూడు వరుసలను నమోదు చేసి, కర్సరును ఒక వరుస నుండి మరొక వరుసకు కదిపి చూడాలి. కర్సరుతో పాటు మొత్తం కూడా మారుతున్నదంటే ఆ సూచన మొత్తాన్ని కాక ఒక్క వరుసను మాత్రమే చూస్తున్నదని అర్థం.

ఇవి కూడా చూడండి

* సంబంధిత డేటాబేసు
* మైక్రోసాఫ్ట్ అక్సెస్
* లిబ్రేఆఫీస్
* యూనికోడ్
* మంత్రాలయం